గతాన్ని తిరగదోడే మాటలు: కృష్ణా డెల్టా వాడుక

జరిగిపోయినదాన్ని తలుచుకోవడానికీ, దాని మంచిచెడ్డలు మళ్ళీ తేల్చుకోవడానికీ తెలుగులో ఉన్న మాటలు ముఖ్యంగా రెండు పాయలు. మొదటిది జ్ఞాపకం పాయ: తలపోత, నెమరువేత, స్మృతి, తెలంగాణలో యాది. రెండోది లెక్క పాయ: సమీక్ష, పునర్విమర్శ, ఆత్మవిమర్శ, గుణపాఠం, తిరగదోడటం, పోస్టుమార్టం. మొదటి పాయ మాటలకు గతం మీద మమకారం ఎక్కువ, రెండో పాయ మాటలకు అనుమానం ఎక్కువ. గన్నవరం, విజయవాడ, గుడివాడ, బందరు నడుమ ఉన్న డెల్టాలో ఈ రెండో రకం మాటలు పండితుల గ్రంథాల్లో కంటే వరి కళ్ళాల్లో, తాలూకా కచేరీల్లో, పార్టీ ఆఫీసుల్లో ఎక్కువ నలిగాయి. అందుకే ఇక్కడ వాటికి పదునూ ఎక్కువే, అరుగుదలా ఎక్కువే.

సంస్కృతం నుంచి వచ్చినవి

ఈ కోవలో బరువైన మాట సింహావలోకనం. సింహం కొంత దూరం నడిచి, ఆగి, మెడ తిప్పి వచ్చిన దారిని చూసుకుంటుందన్న నమ్మకం మీద పుట్టిన న్యాయమిది. కౌటిల్యుడి అర్థశాస్త్రం చివరి అధికరణంలో గ్రంథరచనకు పనికొచ్చే 32 తంత్రయుక్తులు చెప్పారు. పైన చెప్పేసిన సంగతిని మళ్ళీ ఎత్తిచూపడాన్ని అందులో అతిక్రాంతావేక్షణం అన్నారు, చెప్పబోయేదాన్ని ముందే సూచించడాన్ని అనాగతావేక్షణం అన్నారు. ఈ శాస్త్ర సంప్రదాయంలో వెనక్కి చూడటమంటే గ్రంథకర్త సౌకర్యం. బతుకును తూచే పని దానికి తరవాత అంటుకుంది.

ఇవాళ సింహావలోకనం అంటే డిసెంబరు చివర పత్రికలు వేసే సంఘటనల జాబితా, లేకపోతే ఏదైనా సంస్థ స్వర్ణోత్సవ సంచికలో మొదటి వ్యాసం. షష్టిపూర్తి సంచికల్లోనూ శతజయంతి సంచికల్లోనూ ఈ శీర్షిక కింద వచ్చేది చాలావరకు పొగడ్తే. సింహం చూస్తుంది గానీ ఏమీ అనదు.

పశ్చాత్తాపం, అనుతాపం మరో తెగకు చెందినవి. లెక్క తేలాక మనసు పడే బాధకు ఇవి పేర్లు. ధర్మశాస్త్రాలు వాటి తరవాతి మెట్టుగా ప్రాయశ్చిత్తాన్ని పెట్టాయి. వీటన్నిటికీ విరుగుడు 'గతం గతః'. ఆస్తి పంపకాల దగ్గర, ఆలుమగల తగవుల దగ్గర పెద్దమనుషులు మాట తెంచడానికి దీన్ని వాడతారు. నష్టపోయినవాడి నోట మాత్రం ఈ మాట మొదటగా రాదు.

క్రియలో దాగినవి

ముందుచూపు అందరి నోటా ఉన్న మాట. దానికి జోడీగా వెనుచూపు అక్కడక్కడా అచ్చులో కనబడినా జనం నోట నిలవలేదు. ఆ పని తెలుగులో క్రియలే చేసేస్తాయి: కొనుంటే, అమ్మకుండా ఉంటే, అప్పుడే వెళ్ళాల్సింది. ఫలితం తెలిశాక జరగని దారిని ఊహించి, దానితో జరిగినదాన్ని తూచడానికి ఈ రూపాలే చాలు.

గన్నవరం వైపు ఇవి ఎక్కువగా వినిపించేది భూమి బేరాల్లో. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని ఎక్కడన్నది తేలకముందు గన్నవరం, నూజివీడు, ఆగిరిపల్లి వైపు భూములకు గిరాకీ పెరిగింది. సెప్టెంబరులో ప్రభుత్వం విజయవాడ పరిసరాలంది. చివరికి రాజధాని కృష్ణకు అవతల తుళ్ళూరు వైపు ఖాయమైంది. ఆ కొద్ది నెలల కాలం మీద 'కొనుంటే' అనేవాళ్ళూ, 'అమ్మేసుంటే' అనేవాళ్ళూ ఇద్దరూ తయారయ్యారు. మూడో రకం 'నేనప్పుడే చెప్పానా' అనేవాళ్ళు. వీళ్ళు నిజంగా అప్పుడు చెప్పారా లేదా అన్నదాని మీద మనస్తత్వ శాస్త్రంలో గట్టి పరిశోధనే ఉంది. బరూక్ ఫిష్‌హాఫ్ 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఫలితం తెలిసినవాళ్ళు అది ముందే తెలిసిపోయేంత తేలికైనదని అనుకుంటారు, తాము ఒకప్పుడు వేసిన అంచనాను కూడా ఫలితానికి దగ్గరగా జరిపి గుర్తుపెట్టుకుంటారు.

కళ్ళం మాటలు, కొట్టం మాటలు

నెమరువేయడం పశువుల కొట్టం నుంచి వచ్చింది. గేదె హడావుడిగా మేసి, తరవాత నీడన పడుకుని, మింగిన మేతను ముద్దముద్దగా నోటికి తెచ్చుకుని తీరిగ్గా నములుతుంది. రోజులో ఏడెనిమిది గంటలు దానికి ఇదే పని. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల విద్యార్థులకు ఇది నాలుగు గదుల జీర్ణకోశం గురించిన పాఠం. మిగతావాళ్ళకు చిన్ననాటి సంగతులు ముచ్చటించుకోవడం. మాటలో తీర్పు లేదు, రుచి మాత్రమే ఉంది.

తూర్పారబట్టడంలో తీర్పు ఉంది. నూర్చిన ధాన్యాన్ని కళ్ళంలో గాలివాలు చూసుకుని చేటతో ఎత్తి పోస్తే తాలూ పొట్టూ దూరంగా కొట్టుకుపోతాయి, గట్టిగింజ కాళ్ళ దగ్గర రాశి పడుతుంది. గాలి లేకపోతే పని ఆగుతుంది, గాలి మరీ ఎక్కువైతే గింజ కూడా పోతుంది. కోత యంత్రాలు వచ్చి చేటలకు పని తప్పినా మాట మాత్రం పత్రికల శీర్షికల్లో బతికింది. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారబడుతుంది, విమర్శకుడు కవిని తూర్పారబడతాడు. ఇప్పటి వాడుకలో తాలు ఎగరగొట్టడమే మిగిలింది, గింజను దాచుకోవడం తప్పిపోయింది. గతాన్ని మళ్ళీ తూచేవాడికి అసలు పనికొచ్చేది ఆ రెండో సగమే.

తిరగదోడటం, కెలకడం, తవ్వి తీయడం మట్టికి సంబంధించినవి. మూసేసిన తగవునో, అటకెక్కిన ఫైలునో బయటికి తీయడాన్ని ఇలా అంటారు. వీటిలో 'ఇప్పుడెందుకు?' అన్న విసుగు కూడా కలిసి ఉంటుంది.

కచేరీ మాటలు

గ్రామ చరిత్రను తిరిగి చూడటానికి డెల్టాలో పాత ఆధారం కవిలె. కరణాలు తాటాకుల మీద రాసి దాచిన భూమి లెక్కలు, దానాల వివరాలు, ఊరి వృత్తాంతాలు ఈ కవిలెకట్టల్లో ఉండేవి. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వారి సహాయకులు ఊరూరా తిరిగి ఇలాంటివి సేకరించి, ఎత్తిరాయించి కైఫీయత్తులు తయారుచేయించారు. కైఫీయత్తు అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా వచ్చిన మాట. సంగతి సందర్భాల వాంగ్మూలమని దానికి అర్థం. వాంగ్మూలం గనక ఊరివాళ్ళు తమకు కావలసిన గతాన్నే చెప్పే వీలూ అందులో ఉంది. ఈనాంల మీద హక్కు నిలబెట్టుకోవాలనుకునేవాడు పూర్వపు రాజుల పేర్లు ధారాళంగా చెబుతాడు. చరిత్రకారులు కైఫీయత్తులను వాడుకుంటూనే వాటిని శాసనాలతో పోల్చి చూడటం అందుకే. కరణీకం 1984లో రద్దయింది. కవిలెకట్టలు తిరగేయడం అన్న పలుకుబడి ఇంకా ఉంది.

జమాబందీ ఏటేటా వెనక్కి చూసే తంతు. రెవెన్యూ లెక్కల్లో సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. దాన్ని ఫసలీ అంటారు. క్రీస్తుశకంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది గనక 2024 జూలైలో మొదలైనది 1434 ఫసలీ. ఫసలీ గడిచాక పై అధికారి వచ్చి అడంగల్ మొదలైన గ్రామ లెక్కలన్నీ ఒకదానితో ఒకటి సరిచూసి, తప్పులు దిద్దించి సంతకం పెట్టేవాడు. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో, నీటి తీరువా ఎంతో, బాకీ ఎంతో అక్కడ తేలాలి. గతాన్ని ఇంత నియమంగా, ఇంత నీరసంగా తూచే పద్ధతి మరొకటి ఉండదు. కానీ సివిల్ కోర్టులో యాభై ఏళ్ళ కిందటి తగవు తేలాలంటే సాక్షుల జ్ఞాపకం కంటే ఈ నీరసపు కాగితమే ఎక్కువ నిలబడుతుంది.

భూమికి కట్టిన శిస్తును కొన్ని దశాబ్దాలకోసారి మళ్ళీ నిర్ణయించడం రీసెటిల్‌మెంటు. 1920ల చివరా 1930ల్లోనూ కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఆ పేరుతో శిస్తు పెంచబోతే రైతులు సంఘాలు కట్టి ఎదిరించారు. ఎన్.జి. రంగా వంటివారు ప్రజా జీవితంలో పైకి వచ్చింది ఆ రైతు ఉద్యమాల్లోనే. రీసర్వే ఇటీవలిది. 2020 డిసెంబరు 21న నాటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మొదలుపెట్టింది. బ్రిటిషు కాలపు గొలుసు కొలతలను డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలతో సరిచూసే పని అది. తాతల నాటి గట్టు ఎక్కడుందన్న ప్రశ్న దానితో మళ్ళీ ఊరి నడిబొడ్డుకు వచ్చింది.

గతజల సేతుబంధనం

పారిపోయిన నీటికి కట్ట కట్టడం అని ఈ పలుకుబడికి అర్థం. వృథా ప్రయాసను ఎగతాళి చేయడానికి వాడతారు. 'చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం' దీనికి ఇంటిభాష. డెల్టా చరిత్ర మాత్రం ఈ ఎగతాళిని ఒప్పుకోదు. 1832–33 నందన నామ సంవత్సరపు డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టాక గాని కృష్ణ మీద ఆనకట్ట రాలేదు. దాని పని 1852లో మొదలై 1855లో ముగిసింది. 1952లో ఆ ఆనకట్ట తెగాక గాని కొత్తది కట్టలేదు. 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తి చేసిన ఆ బ్యారేజీకి ప్రకాశం పేరు పెట్టారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది. తీరగ్రామాల్లో తుపాను రక్షిత భవనాలు విరివిగా వెలిసింది ఆ తరవాతే. దివిసీమలో పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళూ పుట్టుకలూ ఇప్పటికీ ఉప్పెనకు ముందు, ఉప్పెన తరవాత అనే లెక్కలో చెబుతారు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. అదే రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 1964లోనూ 2005లోనూ ఇదే ఏరు ఊరిని ముంచిందన్న సంగతి అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. సమీక్షా సమావేశం అనే మాట తెలుగు పత్రికల్లో ఇలాంటప్పుడే ఎక్కువ కనిపిస్తుంది. కట్టలు మాత్రం సమీక్షలతో లేవవు.

పురాణాల పునర్విమర్శ

పునర్విమర్శ అంటే కొత్త కాలపు కొలతతో పాత గ్రంథాన్ని మళ్ళీ కొలవడం. ఈ పనికి కృష్ణా జిల్లా పేరు పడింది. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ', 'సూతపురాణం' వంటి రచనల్లో పురాణ కథలను బోనులో నిలబెట్టాడు. ఆయన చదివింది బారిష్టరీ. వాదన తీరు కూడా న్యాయవాదిదే: సాక్ష్యం ఏది, లాభం ఎవరిది అని అడుగుతాడు. ఆయన కొడుకు గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో అదే ప్రశ్నలను ఒక మనిషి తన మీదికే తిప్పుకుంటే ఎలా చితికిపోతాడో చూపించాడు.

గన్నవరానికి ఆనుకున్న ఉంగుటూరు మండలం నందమూరు విశ్వనాథ సత్యనారాయణ పుట్టిన ఊరు. 'వేయిపడగలు' నవల వెనక్కి తిరిగి చూసేదే, కాని కూలిపోతున్న పాత వ్యవస్థ పక్షాన నిలబడి చూస్తుంది. 'రామాయణ కల్పవృక్షం' ఆయనకు 1970 జ్ఞానపీఠం తెచ్చింది. ఆ దశాబ్దంలోనే రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' వచ్చింది. ఆమె కొలత ఎంత వేరో పేరులోనే తెలుస్తుంది. కౌతరంలో పెరిగిన నార్ల వేంకటేశ్వరరావు 'సీత జోస్యం' నాటకం అదే తోవది. ఓల్గా 'విముక్త' కథలకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆమె తీరు మెత్తన. సీత వెళ్ళి శూర్పణఖతో, అహల్యతో మాట్లాడుతుంది, తూర్పారబట్టే పని పాఠకుడికి వదిలేస్తుంది. వీళ్ళలో ఎవరు నెగ్గారన్నది అడగాల్సిన ప్రశ్న కాదు. త్రిపురనేని రాయకపోతే విశ్వనాథను వాదంలోకి దింపేవాళ్ళూ, విశ్వనాథ రాయకపోతే రంగనాయకమ్మకు ఎదుటి పక్షమూ ఇంత బలంగా దొరికేవారు కాదు.

జీవిత చరిత్రల్లో ఇంత పట్టుదల అరుదు. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రతో మొదలైన ఈ వరుసలో డెల్టా నాయకులు చాలామందే ఉన్నారు. బందరులో స్థిరపడిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవానికి ఆ సంస్థ చరిత్ర రాశాడు. విజయవాడ నాయకుడు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు 'నా జీవిత కథ – నవ్యాంధ్రము' రాశాడు. వివరాలకు ఇవి గనులు. తమ పక్షం పొరపాట్ల దగ్గర మాత్రం కలాలు వేగంగా నడుస్తాయి.

పార్టీ మాటలు: ఆత్మవిమర్శ, గుణపాఠం

సమీక్ష, ఆత్మవిమర్శ, గుణపాఠం, చారిత్రక తప్పిదం: ఈ నాలుగింటినీ డెల్టా జనం నోట పెట్టింది ప్రధానంగా కమ్యూనిస్టు ఉద్యమం. దానికి పెద్ద సందర్భం 1955. అంతకు మూడేళ్ళ ముందు ఆంధ్ర ప్రాంతంలో 41 స్థానాలు గెలిచి అధికారానికి దగ్గరైనట్టు కనిపించిన పార్టీ, 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో 196 స్థానాల సభలో 15కు పడిపోయింది. ఓట్లు మాత్రం నూటికి 31 దాకా వచ్చాయి. ఆ ఓటమిలో గెలిచిన కొద్దిమందిలో ఒకరు గన్నవరం నుంచి నిలబడిన పుచ్చలపల్లి సుందరయ్య. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన ఆయన్ను ఈ నియోజకవర్గం 1955 నుంచి 1967 దాకా, మళ్ళీ 1978 నుంచి 1983 దాకా శాసనసభకు పంపింది. ఓటమికి కారణాలను పార్టీ ఒక రకంగా వెతికింది, బయటివాళ్ళు మరో రకంగా వెతికారు. అమెరికా పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ 1956లో రాసిన వ్యాసం డెల్టా కులాల పొందికలోంచి ఆంధ్ర కమ్యూనిస్టుల ఎదుగుదలనూ పతనాన్నీ చదవబోయింది. వర్గం గురించి మాట్లాడే పార్టీని కులంతో కొలవడం అప్పట్లో చేదుగా తోచినా, ఆ ప్రశ్న తరవాత ఎవరూ తప్పించుకోలేనిదైంది.

మాటలు తిట్లుగా మారడం కూడా ఇక్కడే చూడొచ్చు. పార్టీ ఆరో మహాసభ 1961 ఏప్రిల్‌లో విజయవాడలోనే జరిగింది. మూడేళ్ళకు, 1964లో, పార్టీ చీలింది. వేరుపడిన మార్క్సిస్టు పార్టీకి సుందరయ్య ప్రధాన కార్యదర్శి అయ్యాడు. పాత సిద్ధాంతాన్ని తిరిగి చూసేవాడనే అర్థంలో పుట్టిన 'రివిజనిస్టు' ఎదుటివాణ్ణి వెలివేసే మాట అయింది. సీపీఎం సీపీఐని రివిజనిస్టులంది. 1968లో సీపీఎం నుంచి విడిపోయినవాళ్ళు దాన్ని నయా రివిజనిస్టులన్నారు. ఆత్మవిమర్శ గతి కూడా దాదాపు అదే. పేరు ఆత్మవిమర్శే అయినా సమావేశాల్లో దాన్ని ఎక్కువగా పక్కవాడి మీద చేశారు. ఆ అలవాటుకు ఎదురు నిలిచిన కాగితం ఒకటుంది: ప్రధాన కార్యదర్శి పదవి వదులుకుంటూ సుందరయ్య 1975లో రాసిన సుదీర్ఘ లేఖ. పార్టీ పోకడతో తన విభేదాలను ఆయన అందులో ఒక్కొక్కటిగా రాశాడు.

గుణపాఠం అనే మాటకు తెలుగులో బలమైన ఉదాహరణ ఆయన పుస్తకమే. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటానికి విజయవాడ వెనకదన్నుగా ఉండేది. నిర్బంధం డెల్టా పల్లెలకూ పాకింది. 1949లో కాటూరు, యలమర్రు గ్రామస్థులకు పోలీసుల చేతుల్లో జరిగిన అవమానం జిల్లాలో మరపుకు రాలేదు. పోరాటాన్ని నడిపినవాళ్ళలో ఒకరైన సుందరయ్య, విరమణ జరిగిన ఇరవై ఏళ్ళకు, 1972లో, ఇంగ్లీషులో పెద్ద గ్రంథం వెలువరించాడు. తెలుగులో అది 'వీర తెలంగాణా విప్లవ పోరాటం – గుణపాఠాలు'. జిల్లాలవారీగా, దళాలవారీగా పేర్లు, ఊళ్ళు, చనిపోయినవాళ్ళ వివరాలు పేర్చుకుంటూ పోతుంది. తప్పులను ఒప్పుకుంటుంది గాని, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరవాత కూడా ఆయుధం దించకపోవడం సరైనదేనని నిలబడుతుంది. రైతులకు దక్కిన భూమిని కాపాడుకోవడానికి అది తప్పలేదన్నది దాని వాదం.

అదే కాలంలో ఆ పోరాటంలోని మరో నాయకుడు రావి నారాయణరెడ్డి రాసిన పుస్తకం పేరులో గుణపాఠాలు లేవు, 'అనుభవాలు, జ్ఞాపకాలు' ఉన్నాయి. ఆయన సీపీఐలోనే ఉండిపోయాడు. నిజాం పాలన పోయాక పోరాటం ఆపి ఉండాల్సిందని ఆయన తీర్పు. జ్ఞాపకాలని పేరు పెట్టుకున్న పుస్తకం పార్టీ ప్రధాన నిర్ణయాన్నే తప్పంది, గుణపాఠాలని పేరు పెట్టుకున్న పుస్తకం ఆ నిర్ణయాన్ని సమర్థించింది. శీర్షికను బట్టి పుస్తకం ఏ పాయకు చెందుతుందో తేల్చడం ఎంత ప్రమాదమో ఈ జంట చెబుతుంది.

ఆ తగవు అక్కడితో ఆగలేదు. 1946లో సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాసినప్పుడు తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రమన్నది కమ్యూనిస్టుల ఉమ్మడి నినాదం. 2014 విభజన నాటికి అదే గతాన్ని ముందు పెట్టుకుని సీపీఐ తెలంగాణను బలపరిచింది, సీపీఎం సమైక్యానికే కట్టుబడింది.

సుందరయ్య 1985 మే 19న కన్నుమూశాడు. ఆయన గ్రంథాలయం, ఆయన పేరున హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన కేంద్రానికి చేరింది. తెలంగాణ పోరాటం గురించి తీర్పు చెప్పాలనుకునేవాళ్ళు సుందరయ్యనూ రావి నారాయణరెడ్డినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక్కరినే చదివి ఊరుకుంటే సగం లెక్కే తేలుతుంది.